అమెరికా తొలినాటి బంగారు నాణేలు ఎందుకంత అరుదు? నిజంగా అంత బావుంటాయా?

5, 10 డాలర్ల పాత బంగారు నాణేలు వేలంలో లక్షల డాలర్లు ఎందుకు పలుకుతాయని అడిగారు. నేను న్యూజెర్సీలో ఉంటాను, వీలైనప్పుడల్లా బాల్టిమోర్ కాయిన్ షోకి వెళ్తుంటాను. అడిగితే డీలర్లు చేతికిస్తారు కాబట్టి కొన్నింటిని లెన్స్ పెట్టి తీరిగ్గా చూశాను.

తక్కువ ముద్రించడం వల్లే అరుదు అనుకుంటారు చాలామంది. కొన్నిటి విషయంలో నిజమే. 1796 నాటి, నక్షత్రాలు లేని రెండున్నర డాలర్ల నాణేలు 963 మాత్రమే చేశారు. కానీ అసలు కారణం కరిగించడం. 1792 నాటి అమెరికా నాణేల చట్టం ఒక వంతు బంగారానికి 15 వంతుల వెండి అని విలువ కట్టింది. యూరప్‌లో బంగారానికి అంతకంటే ఎక్కువ వచ్చేది. దాంతో వ్యాపారులు ఈ నాణేలను ఓడలెక్కించి, అక్కడ కరిగించి లాభం చేసుకున్నారు. 1804లో 10 డాలర్ల నాణెం ఆపేశారు, మళ్ళీ 1838లోగానీ మొదలుపెట్టలేదు. 5 డాలర్లది కొనసాగింది గానీ 1820లలో చేసినవాటిలో చాలా భాగం కొలిమికే పోయింది. 1822లో 17,796 చేసినట్టు లెక్క ఉంది. ఇవాళ తెలిసినవి మూడే! రెండు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి, మూడోది 2021 వేలంలో 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

అందం సంగతికొస్తే, నాకు అన్నిటికంటే ఇష్టం 1795 నాటి 10 డాలర్ల నాణెం. పదిహేడున్నర గ్రాములు, అంటే పాత లెక్కలో తులమున్నర. 22 క్యారెట్లు, మన 916 నగల మేలిమే. రాగితో పాటు వెండి కూడా కలిపేవారు కాబట్టి తర్వాతి కాలపు నాణేల్లో కనిపించే ఎరుపు ఛాయ ఉండదు. ఒకవైపు టోపీ పెట్టుకున్న లిబర్టీ (స్వేచ్ఛకు గుర్తుగా చెక్కిన స్త్రీ రూపం), రెండోవైపు ఈత మట్ట లాంటి కొమ్మ మీద నిలబడి ముక్కున దండ పట్టుకున్న గద్ద. విలువ ఎంతో ఎక్కడా రాసి ఉండదు, బంగారం బరువే విలువ. అచ్చు దిమ్మెల మీద నక్షత్రాలను ఒక్కొక్కటిగా చేత్తో కొట్టేవారు, అందుకే ఒక దిమ్మెకూ ఇంకోదానికీ వాటి వరస తేడాగా ఉంటుంది. రాష్ట్రానికొకటి చొప్పున మొదట 15 నక్షత్రాలు, 1796లో టెనెసీ రాష్ట్రం చేరాక 16, ఆ తర్వాత 13కి దించేశారు.

జుట్టు మీదో గద్ద రొమ్ము మీదో సన్నటి గీతలు కనిపిస్తే దెబ్బతిన్న నాణెం అనుకోకండి. బిళ్ల బరువు ఎక్కువైతే ముద్రించేముందు ఆకురాయితో రుద్ది సరిచేసేవారు. మనుషులు తిప్పే మరప్రెస్సు ఒత్తిడికి ఆ గీతలు ఒక్కోసారి పూర్తిగా చెరిగేవి కావు. వాటివల్ల రేటు కొంచెం తగ్గుతుంది, నాకు మాత్రం అవి ఉన్న నాణేలే ప్రాణం.

కొనే ఆలోచన ఉంటే 1834 కొత్త చట్టం తర్వాత వచ్చిన, బరువు తగ్గించిన 5 డాలర్ల నాణేలు చూడండి. వాటిని కరిగిస్తే లాభం లేకపోయింది కాబట్టి బాగానే మిగిలాయి, ధర కూడా చాలా తక్కువ. నకిలీల బెడద ఉంది, నాణేలను పరీక్షించి ధ్రువీకరించే సంస్థలైన పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ చూసి సీల్ చేసిన పెట్టెలో ఉన్నదే తీసుకోండి. పెట్టె మీది నంబర్‌ను వాళ్ల సైట్‌లో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.