మాంసకృత్తులు పెరిగితే గింజ ఎందుకు సన్నబడింది?

ప్రశ్న: ఉద్యోగరీత్యా జైపూర్‌లో స్థిరపడ్డాం. స్నేహితుడితో కలిసి చోము దగ్గర మాల్టు (బీరు వగైరాలకు మొలకెత్తించి ఆరబెట్టే గింజ) కోసం బార్లీ వేశాం. పొట్ట దశలో మరోసారి యూరియా చల్లితే చేను నల్లగా, ఏపుగా ఎదిగింది. ఫిబ్రవరి నెలాఖరుకు బోరు అడుగంటి ఆఖరి తడి ఇవ్వలేకపోయాం. గింజ సన్నబడింది. మాంసకృత్తులు 13 శాతం ఉన్నాయని మాల్టు కొనేవారు సరుకు తిప్పి పంపారు. అవి ఎక్కువుంటే మేలే కదా?
– ఒక పాఠకుడు, జైపూర్

జవాబు: ఆలస్యంగా వేసిన యూరియా వల్ల మాంసకృత్తులు కొంత పెరిగి ఉంటాయి. కానీ అసలు నష్టం పిండి తగ్గడం వల్ల జరిగింది. 45 మిల్లీగ్రాముల గింజలో నాలుగున్నర మిల్లీగ్రాముల మాంసకృత్తులుంటే 10 శాతం. అదే గింజ 35 దగ్గర ఆగిపోతే, అవే మాంసకృత్తులు 13 శాతానికి చేరువవుతాయి.

మాంసకృత్తులకు ముడిసరుకు యూరియా ఇచ్చే నత్రజని. దానిలో ఎక్కువ భాగాన్ని మొక్క పూతకు ముందే ఆకుల్లో, కాడలో దాచుకుంటుంది. ఎండిపోతూ కూడా దాన్ని కంకికి తరలిస్తుంది. పిండి అలా కాదు. చాలావరకు పూత తరువాత పోటాకు (కంకి కింద ఉండే చివరి ఆకు), కంకి మీసాలు అప్పటికప్పుడు తయారుచేయాల్సిందే. నీరందక ఆకు ముందే పండితే ఆ పని మధ్యలో ఆగుతుంది. కాడలో నిల్వ ఉన్న చక్కెర కొంత ఆదుకున్నా లోటు పూడదు.

పైగా యూరియా ఎక్కువైన చేనుకు ఆకు ఎక్కువ, దాహమూ ఎక్కువ. గింజ కట్టకముందే నేలలో తేమ ఖర్చయిపోతుంది. రాజస్థాన్‌లో బార్లీ సేద్యం చూసినన్నాళ్లూ నేను రైతుల దగ్గర మొత్తుకున్నది ఇదే: ఆఖరి తడికి నీరుందో లేదో తేల్చుకోకుండా యూరియా బస్తా విప్పకండి.

వచ్చేసారి నవంబరు మొదటి పక్షంలో విత్తండి. మార్చి ఎండలు ముదరకముందే గింజ గట్టిపడుతుంది. నత్రజని సగం ఆఖరి దుక్కిలో, మిగతాది 30–35 రోజులకు మొదటి తడితో. ఆ తరువాత వద్దే వద్దు. రెండు తడులకే నీరుంటే రెండోది 65–70 రోజులకు, కంకి బయటపడే వేళ ఇవ్వండి. మూడోది దొరికితే గింజ పాలుపోసుకునేటప్పుడు; గాలి వీచే రోజున మాత్రం పెట్టకండి, చేను పడిపోతుంది.

మాల్టుకు సాధారణంగా 9 నుంచి 11 శాతం మాంసకృత్తులు అడుగుతారు. పిండి తగ్గితే మాల్టు నుంచి దిగే చక్కెరా తగ్గుతుంది. పశువుల దాణాకు ఆ పట్టింపు లేదు. మీ సరుకును జల్లెడ పట్టి, తాలు తీసేసి దాణా వ్యాపారులకు చూపించండి.