చుట్టాలొస్తే గదిలోంచి రాడు

ప్రశ్న: మాది విజయనగరం. చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్ళు, 9వ తరగతి. చదువులో ఫర్వాలేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా గదిలోంచి బయటికి రాడు. గట్టిగా పిలిస్తే వచ్చి, ఫోన్లోంచి తలెత్తకుండా ‘ఊఁ’ అని వెళ్ళిపోతాడు. పోయిన నెల మా వదినగారి గృహప్రవేశంలో ‘పెద్దమావయ్యకి దండం పెట్టు’ అని నలుగురిలో చెప్తే, విననట్టే వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ‘మొక్కై వంగనిది మానై వంగుతుందా’ అని మా వదిన అందరిముందూ అనేసింది. ఇంటికొచ్చాక మావారు ‘అంతా నీ పెంపకం’ అన్నారు. విచిత్రమేమిటంటే, మా వాచ్‌మన్‌తో మాత్రం అరగంటసేపు క్రికెట్ కబుర్లు చెప్తాడు. పిల్లలకు మర్యాదలు, మాటతీరు నేర్పే వారాంతపు కోర్సు ఒకటుందట. ఫీజు 18 వేలు. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, మీరు విచిత్రం అన్న సంగతే నాకు మంచి కబురులా వినిపించింది. మాట్లాడటమే రాని పిల్లాడైతే వాచ్‌మన్‌తోనూ మాట్లాడడు. పైగా గేటు దగ్గరి మనిషిని పలకరించి, అరగంట నిలబడి కబుర్లు చెప్పే పిల్లాడికి మర్యాద తెలియదంటే నేనొప్పుకోను. కార్లో దిగిన మావయ్యకి వంగి దండంపెట్టి, వాచ్‌మన్‌ని ‘ఏయ్’ అని పిలిచే పెద్దమనుషులు మనలో తక్కువేం లేరు.

మరి చుట్టాల దగ్గరే ఎందుకిలా? వాచ్‌మన్ మార్కులడగడు కాబట్టి. మనవాళ్ళ పలకరింపులు ఒకసారి గుర్తు చేసుకోండి. ‘ఎంతొచ్చిందిరా పర్సంటేజీ? ఫౌండేషన్‌లో చేరావా? ఏంటి ఇంత లావయ్యావు? అప్పుడే మీసాలా!’ గొంతు బొంగురుపోయి, మొహాన మొటిమలు లేచే వయసు అది. ఆ ప్రశ్నలకు నవ్వుతూ జవాబు చెప్పడం పెద్దవాళ్ళకే కష్టం. ఫోన్లో తల దూరిస్తే కనీసం వాళ్ళ మొహాలు చూడక్కర్లేదు.

ఇంకోటి కూడా ఉంది. మన చిన్నతనంలో ఈ మర్యాదలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, పనుల్లో పడి వచ్చేశాయి. పంచదార అయిపోతే కొట్టుకు పరుగెత్తేవాళ్ళం. ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగితే ఎత్తి ‘నాన్న లేరండీ, ఎవరు చేశారని చెప్పమంటారు?’ అనేవాళ్ళం. పెళ్ళి పందిట్లో పన్నీరు చల్లడం, బంతిలో మంచినీళ్ళు పొయ్యడం పిల్లల పనే. ఇప్పుడు పంచదార యాప్‌లో వస్తుంది, ఎవరి ఫోన్ వాళ్ళదే, వడ్డన క్యాటరింగ్ వాళ్ళది. దానికి తోడు 2020 మార్చిలో బడులు మూసేసేనాటికి మీవాడు చిన్న తరగతుల్లో ఉన్నాడు. తెలంగాణలో ఆ పిల్లలు మళ్ళీ బడి మెట్లెక్కింది 2021 సెప్టెంబరులో. సరిగ్గా కొత్తవాళ్ళతో కలవడం నేర్చుకునే వయసులో మైకు మ్యూట్‌లో పెట్టి కూర్చున్నారు. అందుకని మీ వదినగారి సామెతను పక్కన పెట్టండి. అలవాటయ్యే అవకాశం దొరకని పిల్లాణ్ణి వంగలేదనడం అన్యాయం. 14 ఏళ్ళంటే మానూ కాదు.

ముందుగా మీరు మానేయాల్సిన పని ఒకటుంది. నలుగురి ముందు ‘దండం పెట్టు, నమస్తే చెప్పు, అలా నిలబడ్డావేం’ అనడం. ఆ వయసులో అందరూ చూస్తుండగా అమ్మ పురమాయిస్తే, చేస్తే చిన్నపిల్లాడైపోతాడు, చేయకపోతే పొగరుబోతవుతాడు. మీవాడు రెండూ కాకుండా కార్లోకి వెళ్ళాడు. కాళ్ళకు దండం పెట్టించడం మీద నాకు పట్టుదల లేదు. చేతులు జోడించి ‘బాగున్నారా’ అంటే చాలు.

చెప్పాల్సింది వాళ్ళు రాకముందు, మీ ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ‘సాయంత్రం వచ్చేది నాన్నవాళ్ళ పిన్ని కొడుకు. నాన్నకంటే పెద్ద, అందుకని నీకు పెదనాన్న. వైజాగ్ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, క్రికెట్ అంటే ప్రాణం.’ ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, వచ్చినాయన్ని ఏమని పిలవాలో తెలియకే సగం మంది పిల్లలు నోరు విప్పరు. అంకుల్ అంటే అమ్మమ్మ నవ్వుతుంది, అసలు వరస ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఒక ఒప్పందం చేసుకోండి. గదిలోంచి వచ్చి పలకరించాలి, మంచినీళ్ళు తనే తేవాలి, ఓ ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఆపైన ‘చదువుకోవాలి పెదనాన్నా, వెళ్తాను’ అని చెప్పి వెళ్ళిపోవచ్చు. ఆ వెళ్ళిపోవచ్చు అన్నది ముఖ్యం. ఎప్పుడు బయటపడొచ్చో తెలిస్తే కూర్చోవడానికి అంత టెన్షన్ ఉండదు. మీరు కూడా ఆ మాటకు కట్టుబడాలి. ఐదు నిమిషాలయ్యాక ‘ఇంకాసేపు కూర్చోరా’ అన్నారంటే మళ్ళీసారి రాడు.

మార్కుల ప్రశ్న వచ్చినప్పుడు మీరు అడ్డుపడండి. ‘వాడి మార్కుల సంగతి నన్నడగండి వదినా, వాడికి క్రికెట్ కబుర్లు చెప్పండి’ అని నవ్వుతూనే అనొచ్చు. ఆవిడ నొచ్చుకోవచ్చు, నొచ్చుకోనివ్వండి. అమ్మ తన పక్షాన ఉందని నలుగురిలో ఒక్కసారి చూస్తే మీవాడికి కొండంత ధైర్యం.

పెద్దవాళ్ళు చెప్పేవన్నీ ఒక్కలా లేకపోవడం కూడా పిల్లల్ని తికమక పెడుతుంది. ఇంటర్వ్యూలో కళ్ళలోకి చూసి మాట్లాడాలని స్కూల్లో చెప్తారు. నాయనమ్మ దగ్గర అలా చూస్తే ‘గుడ్లురిమి చూస్తావేం’ అంటుంది. అడిగితే ఎదురు ప్రశ్న, అడగకపోతే మూగమొద్దు. ఎక్కడ ఎలా ఉండాలో మాటల్లో చెప్పి లాభం లేదు, వెంట తీసుకెళ్ళాలి. ఈ పని మీవారు చేస్తే బాగుంటుంది, ఎలాగూ పెంపకం ఒక్కరిది కాదు. బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఫారం వాడిచేత నింపించి, కౌంటర్లో వాణ్ణే అడగమనండి. హోటల్లో ఆర్డర్ వాణ్ణే చెప్పనివ్వండి. ఎవరింట్లోనైనా పోయినప్పుడు పరామర్శకు కూడా తీసుకెళ్ళమనండి. అక్కడ ఫోన్ జేబులోనే ఉంచి, ఏమీ అనకుండా ఆ ఇంటివాళ్ళ పక్కన కాసేపు కూర్చోవడమే మర్యాద అని వాడికి అక్కడే తెలుస్తుంది. అన్నట్టు, భోజనాల దగ్గర మీ ఇంట్లో ఎవరెవరి చేతుల్లో ఫోన్ ఉంటుంది? మీరు రాయలేదు. 1961లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్ళు ఒక బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. చెప్పకుండానే నేర్చేసుకుంటారు, మంచైనా చెడైనా.

ఒక్క విషయం గమనించండి. స్నేహితులకు కూడా దూరమవుతున్నా, ఫంక్షన్ అంటేనే కడుపునొప్పి, చెమటలు పడుతున్నా, బడికి వెళ్ళనంటున్నా, ఇది నెలల తరబడి సాగుతుంటే అది సిగ్గు కాదు, మొండితనమూ కాదు. సైకాలజిస్టును కలవండి. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మీవాడికి ఆ ఇబ్బంది ఉన్నట్టు లేదు.

ఇక కోర్సు సంగతి. ఇలాంటి చోట్ల సాధారణంగా షేక్‌హ్యాండ్ ఇవ్వడం, ఫోర్కుతో తినడం, ఇంగ్లీషులో తనను తాను పరిచయం చేసుకోవడం నేర్పుతారు. ఉద్యోగాల వేటలో అవి పనికొస్తాయి. పెదనాన్నతో మాట్లాడటానికి పనికిరావు. అయినా ఫీజు కట్టేముందు వాణ్ణి అడగండి. సరదాపడితే పంపండి. చుట్టాల ముందు పరువు పోయిందని శిక్షగా మాత్రం చేర్పించకండి, ఆ డబ్బుతో దసరా సెలవుల్లో అందరూ కలిసి విజయనగరం వెళ్ళిరండి.