అల్లుడూ, పాటల సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చదువు

కావలిలో రూము తీసుకుని రికార్డింగ్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సంతోషం. మైకులు, వాటిని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేసుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పాటలు రికార్డు చేసి కలిపే సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం రేటు చూసి తొందరపడబాక. డబ్బు కట్టడం ఆపేసిన రోజు నీ పాత పాటలు తెరుచుకుంటాయా లేదా, ముందు అది కనుక్కో.

నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ మనకి కుదరదు. మనది సీజన్ పని. క్రిస్మస్ ముందు చర్చి పాటలు, చవితికి దేవుడి పాటలు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు, ఆషాఢంలో ఈగలు తోలుకోవడమే. సబ్‌స్క్రిప్షన్‌కి ఆషాఢం తెలీదు కదా! పైగా కార్డు నుంచి డబ్బులు వాటంతటవే కట్ అవ్వాలంటే ముందే అనుమతి ఇచ్చి పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు రూలు, అది ఎక్కడన్నా తేడా కొట్టి, పాట చేయించుకునే పార్టీ వచ్చి కూర్చున్న రోజే సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే ఎంత టెన్షనో ఊహించుకో.

ఒకేసారి కొనేవాటిలోనూ రకాలున్నాయి. ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద వెర్షన్ వచ్చినప్పుడల్లా అప్‌గ్రేడ్‌కి మళ్ళీ డబ్బులు కట్టాలి, 11 వచ్చింది 2021లో, 12 వచ్చింది 2024లో. వద్దనుకుంటే పాతదాంతోనే పని చేసుకోవచ్చు, ఎవరూ లాక్కోరు. ఇంకో సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో ఒకసారి కొంటే తర్వాత వచ్చే వెర్షన్లన్నీ ఉచితం. కాకపోతే చవగ్గా ఉందని దాంట్లో ఫ్రూటీ ఎడిషన్ కొనేవు, అందులో గొంతు రికార్డు చెయ్యలేవు, ప్రొడ్యూసర్ ఎడిషన్ ఉండాల్సిందే. ఎఫ్ఎల్ ట్రయల్‌లో అన్నీ పనిచేస్తాయి, సేవ్ కూడా అవుతుంది, కానీ సేవ్ చేసింది కొనేదాకా మళ్ళీ తెరవనివ్వదు.

లైఫ్‌టైమ్ అనగానే మురిసిపోబాక, ఎవరి లైఫో కూడా చూసుకోవాలి. కేక్‌వాక్ అనే కంపెనీ వాళ్ళు 2016లో సోనార్ అనే వాళ్ళ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి జీవితకాలం అప్‌డేట్లంటూ అమ్మారు, మరుసటేడు నవంబర్‌లో వాళ్ళ యజమాని, గిటార్ల కంపెనీ గిబ్సన్, ఆ సాఫ్ట్‌వేర్ పనే ఆపేసింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ కొనుక్కోబట్టి అది బతికింది. ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే సౌండ్ పనిముట్లు, అమ్మే వేవ్స్ కంపెనీ అయితే 2023 మార్చిలో ఇకమీదట సబ్‌స్క్రిప్షన్ ఒక్కటే అంది, జనం గోల చేస్తే రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

నన్నడిగితే నీకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. 60 రోజులు అన్నీ వాడి చూడొచ్చు. ఏడాదికి వచ్చే డబ్బు 20,000 డాలర్లు దాటనంతవరకు లైసెన్సు 60 డాలర్లే, దాటితే 225. ఇప్పుడు 7వ వెర్షన్‌కి కొంటే 8 అయిపోయేదాకా అప్‌డేట్లు వస్తాయి, ఆ తర్వాత కూడా నీ దగ్గరున్నది ఆగదు. వాయిద్యాల సౌండ్లు మాత్రం అందులో పెద్దగా ఉండవు, డోలక్కూ తబలా విడిగా సంపాదించుకోవాల్సిందే. గొంతు రికార్డింగ్ తక్కువ, బీట్లు ఎక్కువ అంటే ఎఫ్ఎల్‌కే పో, నేనేమీ అనను. డాలర్లలో చూపించిన రేటు మీద జీఎస్టీ, కార్డు వాళ్ళ ఛార్జీలు కూడా పడతాయి, లెక్కలో వేసుకో. ఆఫర్ల కోసం నవంబర్ చివరిదాకా ఆగినా నష్టం లేదు.

ఇంకోటి. ఏది కొన్నా సరే, పాట పూర్తయిన ప్రతిసారీ ట్రాకులన్నీ విడివిడిగా వేవ్ (WAV) ఆడియో ఫైళ్ళు తీసి పక్కన పెట్టుకో, రేపు ఏ కంపెనీ ఏం చేసినా అవి ఎందులోనైనా తెరుచుకుంటాయి. ఒంగోలు వచ్చినప్పుడు చెప్పు, నా దగ్గర ఖాళీ హార్డ్ డిస్కు ఒకటుంది, పట్టుకెళ్దువు.

మీ మామ