గడ్డలో సున్నం ఉన్నంత మాత్రాన భయం లేదనుకోవచ్చా?

"నాన్నగారి ఊపిరితిత్తిలోని గడ్డలో కాల్షియం (సున్నం) పేరుకుంది కనుక అది పాత మచ్చేనన్నారు, నమ్మవచ్చా?" అని అడిగారు. నాకూ అలాంటి గడ్డే ఉండేది; ఆ మాటను నేను నాలుగేళ్లు నమ్మాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: సున్నం ఉందా లేదా అన్నది కాదు, అది గడ్డలో ఎక్కడ, ఏ తీరున పేరుకుందన్నదే అడగవలసిన ప్రశ్న. ఎముక క్యాన్సర్ వంటివి ముందే ఉన్నవారి సంగతి వేరు గాని, మిగిలినవారిలో సున్నం నట్టనడుమ గాని, గడ్డ అంతటా గాని, పొరలు పొరలుగా గాని ఉంటే అది చాలా మటుకు మానిపోయిన ఇన్ఫెక్షన్ గుర్తు. పేలాల ఆకారంలో ఉండి, పక్కన కొవ్వు కూడా కనిపిస్తే హామార్టోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. ఒక పక్కకు ఒరిగి, చెదురుమదురుగా ఉన్న సున్నం అలాంటి భరోసా ఏదీ ఇవ్వదు.

నాకు గడ్డ ఉన్న కుడి ఊపిరితిత్తి కింది భాగంలోనే పదేపదే న్యుమోనియా వచ్చేది. పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసమన్నారు. ఏటా తీసిన సీటీ నివేదికలో "గతంతో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదు" అన్న వాక్యమే ఉండేది. చివరికి ఒక రేడియాలజిస్టు నా పాత స్కాన్లన్నీ తెప్పించుకొని, మొట్టమొదటిదాన్నీ తాజాదాన్నీ తెరపై పక్కపక్కన ఉంచి గడ్డను కొలిచారు: అప్పుడు 14 మి.మీ., ఇప్పుడు 18 మి.మీ. వ్యాసం అంత పెరిగితే ఘనపరిమాణం రెండింతలు దాటుతుందని ఆయన కాగితం మీద లెక్క వేసి చూపినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఏడాదికి ఒక్క మిల్లీమీటరు చొప్పున పెరిగేదాన్ని నిరుటి స్కానుతో మాత్రమే పోల్చి చూస్తే అది ఎన్నటికీ దొరకదు, అయినా ఎక్కువ నివేదికలు అలాగే రాస్తారన్నది నా బాధ.

గ్లూకోజ్‌ను ఎక్కువగా పీల్చుకునే కణాలను వెలిగించి చూపే పెట్ స్కాన్‌లో గడ్డ పెద్దగా వెలగలేదని ఇంట్లోవాళ్లు ఊరట చెందారు గాని, నెమ్మదిగా పెరిగే కార్సినాయిడ్ కణితులు (ఒక రకం క్యాన్సర్) గ్లూకోజ్‌తో చేసే పెట్‌కు తరచుగా చిక్కవు. వాటికి, ఆ కణాలకు అంటుకునే పదార్థంతో చేసే గాలియం డోటాటేట్ పెట్ మేలు. ఆపరేషన్ తరువాత పాథాలజిస్టు దాన్ని టిపికల్ కార్సినాయిడ్ (తక్కువ తీవ్రత గల రకం) అని తేల్చారు. కణితిలో నిజమైన ఎముకే ఏర్పడి ఉంది, కాని రోగాన్ని నిర్ణయించింది ఆ ఎముక కాదు; 2 చదరపు మి.మీ.లలో విభజన చెందుతున్న కణాలు రెండుకన్నా తక్కువగా ఉండటం, కణజాలం చనిపోయిన జాడ లేకపోవడం.

మీ నాన్నగారి స్కాన్లలో అన్నిటికన్నా పాతది వెతికి, తాజాదానితో కలిపి ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించండి.