స్పైడర్‌మ్యాన్ జీవితంలో అసలైన మలుపు ఏది? సాలెపురుగు కుట్టడమా, అంకుల్ బెన్ చనిపోవడమా?

రెండూ కాదండి. తాకట్టు కొట్టు.

మీరు ఇచ్చిన రెండు ఆప్షన్లూ సినిమాలో చూసినవే. ఈ ప్రశ్నకి నూటికి తొంభై మంది సినిమా గుర్తు చేసుకునే జవాబు చెప్తారు, వాళ్ళని తప్పు పట్టను, కానీ కామిక్స్ లో ఆ కుర్రాడి బతుకు వేరే. నేను వాటిని చాలా ఏళ్ళుగా చదువుతూనే ఉన్నా కాబట్టి నా మాట కొంచెం ఓపిగ్గా వినండి.

మొదటి భాగం గబగబా చెప్పేస్తా. పీటర్ పార్కర్, అదే మన స్పైడర్‌మ్యాన్, మొదటిసారి కనిపించింది 1962 ఆగస్టు తేదీతో వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో. స్టాన్ లీ రాశాడు, స్టీవ్ డిట్కో బొమ్మలు వేశాడు, కథంతా కలిపి 11 పేజీలు. న్యూయార్క్ లో క్వీన్స్, అక్కడ ఫారెస్ట్ హిల్స్ లో ఒక మామూలు ఇల్లు, అమ్మానాన్నా లేని పిల్లాడు, పెంచుతున్న బెన్ అంకులూ మే ఆంటీ. సైన్స్ ఎగ్జిబిషన్ లో రేడియేషన్ తగిలిన సాలెపురుగు కుట్టింది, ఒంట్లోకి బలం వచ్చింది, ఆ బలంతో వాడు చేసిన మొదటి పని ఏంటంటే కుస్తీ బరిలోకి దిగి 100 డాలర్లు గెలవడం. తర్వాత టీవీ షోలు. ఆ షో అయ్యాక పక్కనుంచి పారిపోతున్న దొంగని నాకెందుకులే అని వదిలేశాడు, ఆ దొంగే తర్వాత బెన్ ని చంపాడు. గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత కూడా వస్తుంది అనే మాట బెన్ అంకుల్ చెప్పాడని అందరూ అంటారు, ఆ 11 పేజీల్లో ఆయన ఆ మాట అననే లేదు. ఆఖరి బొమ్మ పైన డబ్బాలో కథ చెప్పే గొంతుగా రాశారు, అంతే. ఆ మాట చెప్పే పెద్దమనిషి లేకపోబట్టే వాడికి ఆ గతి పట్టింది, ఆ సంగతి నాకు చాలా ముఖ్యం.

సరే, బెన్ పోయాడు. తర్వాత ఇంటి అద్దె ఎవరు కట్టాలి?

ఇదిగో ఇక్కడ మొదలవుతుంది నాకు తెలిసిన స్పైడర్‌మ్యాన్. 1963 మార్చి తేదీతో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మొదటి సంచిక వచ్చింది, అందులో వాడి మొదటి శత్రువు రాక్షసుడు కాదు, అద్దె. ఇంటి ఓనర్ అద్దె అడుగుతున్నాడు. దొంగతనం చేద్దామా అనే ఆలోచన కూడా వస్తుంది వాడికి, పట్టుబడితే ఆంటీ గుండె పగిలిపోతుందని మానేస్తాడు. ముసుగేసుకుని షో చేస్తే చెక్కు ఇచ్చారు, దాని మీద స్పైడర్‌మ్యాన్ అని రాశారు, బ్యాంకుకి తీసుకెళ్తే ఆ పేరుతో గుర్తింపు కాగితం ఏదీ అన్నారు. గోడలెక్కే వాడు ఒక చెక్కు మార్చుకోలేకపోయాడు. ఆ తర్వాత వీధిలో మే ఆంటీ కనపడుతుంది, వీడికి తెలియకుండా తన నగలు తీసుకుని తాకట్టు కొట్టులోకి వెళ్తూ.

నేను ఆ పేజీ చదివింది 2003లో, విజయవాడలో లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టల్ లో. అంతకుముందు హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆ కథలున్న పుస్తకం దొరికింది, అట్ట చిరిగిపోయి, దిండంత లావు, లోపల అంతా నలుపు తెలుపు. నన్ను పెంచింది మా పిన్నీ బాబాయీ. అమ్మ నా నాలుగో ఏట పోయింది, నాన్న సంగతి ఇక్కడ వద్దు. బాబాయి తెనాలిలో రైస్ మిల్లులో గుమాస్తా, నేను టెన్త్ లో ఉండగా గుండెనొప్పితో పోయాడు. పిన్ని ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకి ఫాల్స్ వేసేది. ఆ డబ్బుల్తో అద్దె కట్టి, నన్ను చదివించి, పైన ఆ కోచింగ్ ఫీజు ఎలా వచ్చిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. పదిహేడేళ్ళ వయసులో ఇంట్లోకి డబ్బు ఎక్కడనుంచి వస్తుందో ఎవడు అడుగుతాడు.

సంక్రాంతికి ఇంటికొచ్చా. పిన్ని గారెలు వేస్తోంది, చేతికి మట్టి గాజులు మాత్రమే ఉన్నాయి. బంగారు గాజులు రెండు ఉండేవి, ఒక్కోటి కాసున్నర, పెళ్ళైన మూడో ఏడు బాబాయి చేయించినవి, నిద్రలో కూడా తీసేది కాదు. గాజులేవి పిన్నీ అంటే మిషన్ మీద పనికి అడ్డమొస్తున్నాయిరా, తీసి లోపల పెట్టా అంది, నూనెలో చూసుకుంటూ. నేను సరే అన్నా. ఆ మర్నాడు రేషన్ కార్డు జిరాక్స్ కావాల్సొచ్చి బీరువా పై అరలో పరిచిన న్యూస్ పేపర్ ఎత్తితే కింద చీటీ. రెండు గాజులు, తూకం, ఇచ్చిన డబ్బు, నూటికి నెలకి రెండు రూపాయలు వడ్డీ, తేదీ. ఆ తేదీ నా ఫీజు కట్టిన రోజుకి ముందు రోజు.

నాకు అప్పుడు ఏడుపు రాలేదు, కాళ్ళు మాత్రం వణికాయి. చీటీ మళ్ళీ అక్కడే పెట్టి పేపర్ కప్పేసి బయటికొచ్చి రేషన్ కార్డు దొరికింది అని చెప్పా. ఆ రాత్రి బ్యాగులోంచి ఆ లావు పుస్తకం తీసి మళ్ళీ ఆ పేజీ చూశా. అమెరికాలో ఎవరో ఇద్దరు, నేను పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందు, మా ఇంట్లో జరిగింది గీసి పెట్టారు అనిపించింది. ఇంకోటి కూడా అర్థమైంది, నా జవాబంతా దాని కోసమే: వాడు ముసుగు వేసుకున్నది దొంగల కోసం కాదు. ఆంటీ కోసం. ఆమె నగల సంగతి వాడికి చెప్పదు, వాడు రాత్రుళ్ళు ఎక్కడికెళ్తున్నాడో ఆమెకి చెప్పడు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకరికి కష్టం కలగకూడదని ఒకరు దాచుకుంటూ బతుకుతారు. మిగతాదంతా, ఆ డాక్టర్ ఆక్టోపస్, గ్రీన్ గాబ్లిన్ లాంటి విలన్లంతా, దాని చుట్టూ అల్లిందే.

నమ్మకపోతే మీరే చూడండి. రెండో సంచికలోనే వల్చర్ అనే విలన్ ఫొటోలు తీసి డైలీ బ్యూగిల్ పత్రిక యజమాని జేమ్సన్ కి అమ్ముతాడు, ఆ డబ్బుతో ఏం చేశాడు? ఏడాది అద్దె కట్టేశాడు, ఆంటీకి వంటింటి సామాన్లు కొంటానన్నాడు. 33వ సంచిక, 1966 ఫిబ్రవరి, అందరూ మెచ్చుకునేది, టన్నుల బరువున్న యంత్రం కింద ఇరుక్కుపోయి పైనుంచి నీళ్ళు కారుతుంటే పేజీల తరబడి దాన్ని ఎత్తుతాడు. ఎందుకు? ఎదురుగా చేతికి అందనంత దూరంలో మందు పడి ఉంది, ఆ మందు ఆసుపత్రిలో ఉన్న మే ఆంటీకి. అసలు ఆమెకి ఆ జబ్బు వచ్చిందే వీడు ఎక్కించిన రక్తం వల్ల, ఆ రక్తంలో రేడియేషన్ ఉంది. మంచి చేయబోతే అదీ ఇలా తగులుకుంది. నాకు ఆ సంచిక హైదరాబాద్ లో ఉద్యోగంలో చేరాక దొరికింది, బస్సులో చదువుతూ స్టాపు దాటిపోయా.

1973లో వీడు ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోవడం కూడా పెద్ద మలుపే అంటారు, ఒప్పుకుంటా. వంతెన మీదనుంచి గాబ్లిన్ తోసేస్తే వీడు దారం వేసి పట్టుకుంటాడు, కానీ మెడ దగ్గర చిన్న చప్పుడు రాసి ఉంటుంది. ఆ పేజీ మీద బోలెడంత మంది రాశారు, నేను రాయక్కర్లేదు. ఎంత మంది విలన్లని కొట్టాడు, ఎవరికంటే ఎవరు బలం అని గంటలు గంటలు కొట్టుకునేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, ఆ లెక్కలకి ఈ కథ చదవక్కర్లేదు. 2004లో మన దేశం కోసమని ముంబైలో ఉండే పవిత్ర్ ప్రభాకర్ అని ఒక స్పైడర్‌మ్యాన్ ని తెచ్చారు, భీమ్ అంకుల్, మాయా ఆంటీ, ఒక యోగి ఇచ్చిన శక్తులు, కింద ధోవతి. ప్రేమగానే చేశారు, కాదనను. కానీ వాడు మనవాడు అనిపించడానికి ధోవతీ యోగీ ఎందుకండి, అద్దె చాలు కదా. క్వీన్స్ లో ఉన్నవాడే నాకు తెనాలివాడిలా కనిపించాడు.

ఇప్పుడు నా దృష్టిలో ఆ కథకి శిఖరం చెప్తా. 1962 నుంచి దాచిన సంగతి మే ఆంటీకి నిజంగా తెలిసేది ఎప్పుడంటే, ఒకరోజు ఇంటికొచ్చేసరికి వీడు దెబ్బలు తిని మంచం మీద పడి ఉంటాడు, పక్కన చిరిగిన ఆ ఎర్ర డ్రెస్సు. తర్వాత 2002లో వచ్చిన ఒక సంచిక మొత్తం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే, ఒక్క దెబ్బ లేదు. ఆ దొంగని నేనే వదిలేశా ఆంటీ, నావల్లే పోయాడు అని వీడు చెప్తాడు. ఆమె ఏమంటుందంటే, ఆ రాత్రి మేమిద్దరం గొడవ పడ్డాం, అందుకే ఆయన బయటికెళ్ళాడు, నావల్లే అని ఇన్నేళ్ళూ నేను అనుకున్నా అని. నలభై ఏళ్ళు, ఒకే బరువు ఇద్దరూ వేరువేరుగా మోశారు.

అది నేను చదివింది 2009లో. ఆ శనివారమే తెనాలి బండెక్కా. అన్నం తిన్నాక పిన్నితో చెప్పా, చీటీ నేను చూశా పిన్నీ, సంక్రాంతికి, బీరువాలో అని. ఆమె మిషన్ లో దారం ఎక్కిస్తూ, తెలుసు నాన్నా, నువ్వు చీటీ బోర్లా పెట్టావు, నేను ఎప్పుడూ రాసినవైపు పైకి పెడతా అంది. ఆరేళ్ళ నుంచీ తెలుసట. గాజులు ఎప్పుడో వేలానికి పోయాయని కూడా అప్పుడే చెప్పింది. ఉద్యోగం వచ్చాక విడిపిద్దామని నేను మనసులో పెట్టుకున్నా, ఆమె వడ్డీ కట్టలేక వదిలేసిందని నాకు తెలీదు. తర్వాత కొత్తవి చేయించా, అదే తూకం. వేసుకుంటుంది. కానీ అవి బాబాయి చేయించినవి కావు కదా.

అందుకే 2007లో ఆ కామిక్స్ వేసే మార్వెల్ వాళ్ళు చేసిన పని నేను క్షమించను. 2006లో పీటర్ అందరి ముందూ ముసుగు తీసేశాడు, ఆ తర్వాత వాడికి తగలాల్సిన తూటా మే ఆంటీకి తగిలింది, ఆమెని బతికించడానికి మెఫిస్టో అనే దయ్యంతో బేరం, ఆ బేరంలో మేరీ జేన్ తో 1987లో అయిన పెళ్ళి అసలు జరగనట్టు చెరిపేశారు. అందరూ పెళ్ళి గురించి కొట్టుకున్నారు. దాంతో పాటు వీడెవడో లోకమంతా మర్చిపోయింది, మే ఆంటీ కూడా. అంటే ఆ మాటలు, ఆ టేబుల్ దగ్గర ఇద్దరూ ఏడ్చింది, ఆమెకి గుర్తు లేదు. మళ్ళీ మొదటికి తెచ్చి ముసుగు వేశారు. పాఠకుడికి అది చిన్న సర్దుబాటు అనుకున్నారేమో, ఇంట్లో ఆ మాటలు ఒకసారి మాట్లాడుకున్నవాడికి తెలుస్తుంది ఏం పోయిందో. నేను కొత్తవి కొనడం అక్కడితో ఆపేశా, పాతవే తిరగేస్తా.

మొన్న దసరాకి మా అమ్మాయి ఆ లావు పుస్తకం ముందేసుకుని బొమ్మలు చూస్తోంది, పిన్ని పక్కన కూర్చుని ఎవడే ఈ ఎర్రవాడు, వీడి కథేంటి అంది. నేనే చెప్పా, మొత్తం, అద్దె, చెక్కు, తాకట్టు కొట్టు. కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ చాలాసేపు చూసింది.

"మరి ఆవిడ నగలు విడిపించాడా?"

ఏడాది అద్దె ఒకేసారి కట్టేశాడు పిన్నీ, వంటింట్లోకి కొత్త సామాన్లు కూడా కొంటానన్నాడు అన్నా.

"అది సరేలేరా, నగల సంగతి చెప్పు."