రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ ఆయాసం ఎందుకు?

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని చేస్తున్నారు. పోయిన పంట దెబ్బతిన్నప్పటి నుంచి రాత్రిళ్లు ఉన్నట్టుండి దడ, ఆయాసం, మూతి చుట్టూ తిమ్మిరి. వేళ్లు కొంకర్లు పోతాయి. చచ్చిపోతానేమోనని వణికిపోతారు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ బాగున్నాయన్నారు. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి నాటకమని ఇంట్లోవాళ్లు అంటున్నారు.
– ఒక సోదరి, కావలి

జవాబు: నాటకం కాదమ్మా. భయం పుట్టగానే అడ్రినలిన్ పెరిగి గుండె వేగం పుంజుకుంటుంది, ఊపిరి గబగబా ఆడుతుంది. అలా ఊపిరి ఎక్కువైనకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో నరాలకు పనికొచ్చే కాల్షియం కూడా తగ్గి తిమ్మిరి, కొంకర్లు వస్తాయి. దీన్ని పానిక్ ఎటాక్ అంటాం. సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూడకపోతే ఒకసారి చూపించండి. ఆ తర్వాత ఊరికే ఈసీజీలు తీయించకండి. ఒక్కో ఈసీజీతో రెండు రోజులు ధైర్యం వస్తుంది, మూడోరోజు అనుమానం ఇంకా పెద్దదవుతుంది. అయితే మేత బస్తా మోసేటప్పుడో గట్టు ఎక్కేటప్పుడో ఛాతీ బిగించినా, చల్లటి చెమటతో నొప్పి దవడకో చేతికో పాకినా పాత రిపోర్టులు చూసుకుంటూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలమనండి. ఒక్కోసారి 5 నిమిషాలు, రోజుకు రెండుసార్లు, దడ లేనప్పుడే సాధన చేయాలి. చాలామంది దడ వచ్చినప్పుడే మొదటిసారి ప్రయత్నించి, పని చేయలేదని వదిలేస్తారు. కాగితం సంచిలో ఊపిరి పీల్చడం మాత్రం వద్దు. నిజంగా గుండె జబ్బే అయితే అది ప్రమాదం. గుంటల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకుంటూ రాత్రంతా తాగే టీలు, సిగరెట్లు తగ్గించాలి.

దీనికి కౌన్సెలింగ్, మందులు రెండూ పనిచేస్తాయి. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి గుణం చూపడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మొదటి వారం వికారం, కంగారు ఉండొచ్చు. అది చూసి మానేస్తే చికిత్స మొదటికొస్తుంది. కంగారు తగ్గించే అల్ప్రాజోలామ్ మాత్ర వెంటనే హాయినిస్తుంది కాబట్టే అలవాటవుతుంది. సొంతంగా మెడికల్ షాపులో కొని వేసుకోకూడదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయికి హాస్టల్లో ఫిట్స్ వస్తున్నాయి. మెదడు పరీక్ష ఈఈజీ నార్మల్. ఫిట్స్ మాత్రలు వాడుతున్నా తగ్గలేదు. గాలి సోకిందంటున్నారు.
– ఒక తండ్రి, పొదిలి

జవాబు: మాత్రలు మీరుగా ఆపకండి. హఠాత్తుగా ఆపితే అసలు మూర్ఛే విరుచుకుపడొచ్చు. ఈఈజీ ఒకసారి నార్మల్ వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేం. ఈసారి వచ్చినప్పుడు మొదటి నుంచీ ముఖం కనబడేలా ఫోన్లో వీడియో తీయించండి, న్యూరాలజిస్టుకు అదే సగం పని చేసిపెడుతుంది. మూర్ఛలో సాధారణంగా కళ్లు తెరిచే ఉంటాయి, ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది, తర్వాత మగతగా పడుకుంటారు. మానసిక ఒత్తిడి నుంచి వచ్చే ఫిట్స్‌లో తరచుగా కళ్లు గట్టిగా మూసుకుంటారు, తల అటూ ఇటూ ఆడిస్తారు, తగ్గుతూ పెరుగుతూ చాలాసేపు సాగుతుంది. ఈ రెండోది కూడా ఆ పిల్ల కావాలని చేసేది కాదు. కొందరికి రెండూ ఉంటాయి.

ఆ సమయంలో పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి గుంపును దూరం పంపాలి. తాళాలు, ఉల్లిపాయ, చెంపదెబ్బలు వద్దు. రోగం ఇంకా తేలలేదు కాబట్టి 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయమని వార్డెన్‌కు చెప్పండి. హాస్టల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, మార్కుల భయమా అన్నది అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. చదువు మాన్పించకండి.

ప్రశ్న: నాన్న పోయినప్పటి నుంచి అమ్మకు మెడ, నడుము బిగుసుకుపోతున్నాయి. టెన్షన్ వల్లే అన్నారు. నిజమేనా?
– కనిగిరి పాఠకుడు

జవాబు: మీ ప్రాంతంలో అంత తేలిగ్గా ఆ మాటకు రావడం మాకు ఒప్పుదల కాదు. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది, అది ఏళ్ల తరబడి ఒంట్లో చేరినా మెడ, నడుము ఇలాగే బిగుసుకుపోతాయి. బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగారా? గడ్డం ఛాతీకి ఆనించగలుగుతున్నారా? నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్ష, ముంజేయి ఎక్స్‌రే, విటమిన్ డి ముందు చూపించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికే కాదు, వంటకూ ఆ నీళ్లు మానాలి. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఇవన్నీ బాగుంటే, నిద్ర, ఆకలి, దిగులు ఎలా ఉన్నాయో రాయండి.