నలుపు ఏ వైపు?

బిడ్డా,

నువ్వు పీహెచ్‌డీకి లిథియం-సల్ఫర్ బ్యాటరీలు, అందులోనూ సెపరేటర్ మీద, అంటే సల్ఫర్‌కీ లిథియానికీ మధ్య అడ్డుండే పలుచని ప్లాస్టిక్ పొర మీద, పూతలు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. "అన్నా, పేలవు కదా?" అని మూడుసార్లు అడిగింది. పేలవన్నాను. గర్వంగానే ఉంది కానీ, రాత్రి నాకే నిద్ర పట్టలేదు.

సల్ఫర్ గ్రాముకు 1675 మిల్లీఆంపియర్ అవర్ల ఛార్జి దాచగలగడం, సల్ఫర్ నుంచి పుట్టే పాలీసల్ఫైడ్లు కరిగి లిథియం వైపు పారిపోవడం, ఇవన్నీ నీకు తెలిసినవే. పూతను 60 డిగ్రీల దగ్గరే ఆరబెట్టు, వేడెక్కువైతే సెపరేటర్‌లోని పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది.

నా కథ విను. 2012లో అమెరికాలోని శాస్త్రవేత్త మంథిరం బృందం సల్ఫర్‌కీ సెపరేటర్‌కీ మధ్య కార్బన్ కాగితం పెట్టి మంచి ఫలితాలు చూపించింది. మేం కాగితం బదులు సెపరేటర్ మీదే కార్బన్ పూశాం. పొడిగా ఉంటే ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. సెల్‌లో పోసే ఎలక్ట్రోలైట్ ద్రవం తగలగానే ఆ తెలుపు అద్దంలా మారి, రెండువైపులా నల్లగానే కనిపిస్తుంది. బాగా నానతాయని అన్నిటినీ ముందే తడిపేశాను. లావు గ్లౌజులు, జారే ట్వీజర్లు. ఏది ఎటు తిరిగిందో తెలియదు. "ఏం కాదులే" అని సెల్ మూసేశాను.

కొన్ని సెల్స్ నిలబడ్డాయి, కొన్ని చచ్చాయి. నాలుగు నెలలు కార్బన్‌ని తిట్టాను, దాన్ని అంటించే బైండర్‌ని తిట్టాను, చివరికి కరెంటు కోతల్ని కూడా. పూత పనికిరాదని రిపోర్టు ఇచ్చాక ఒక సెల్ విప్పితే, నలుపంతా లిథియానికి అంటుకుని ఊడొచ్చింది. సల్ఫర్ వైపు ఉంటేనే అది పాలీసల్ఫైడ్లను అక్కడ పట్టి మళ్లీ పనిలో పెట్టేది. ఇటు తిరిగితే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. సార్‌కి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటికే ప్రాజెక్టు మూసేశారు.

కాబట్టి పొడిగా పెట్టు, నలుపు సల్ఫర్‌కి ఆనిందో లేదో చూడు, అప్పుడు ఎలక్ట్రోలైట్ చుక్క వెయ్యి. వెంటనే నోట్‌బుక్‌లో రాయి, రాత్రికి రాద్దామనుకోకు.

చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము సల్ఫర్‌తో ఎవరి పూతైనా బాగానే కనిపిస్తుంది. ఐదు వేసి, ఎలక్ట్రోలైట్ తగ్గించి చూపించు. పూత బరువు కూడా లెక్కలో కలుపు, దొంగలెక్కలు నాకు నచ్చవు.

వాడిన సెల్ గ్లవ్‌బాక్స్ (గాలి చొరబడని పెట్టె) బయట విప్పకు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు, పరిగెత్తు తల్లీ. కాసేపటికి ముక్కుకు ఆ వాసనే తెలియదు, పోయిందనుకుని నిలబడతావేమోనని నా భయం. లిథియం తుంపులు డస్ట్‌బిన్‌లో వేశావని వింటే మాత్రం ఊరుకోను.

మీ అత్త సకినాలు చేస్తోంది. ఆదివారం గచ్చిబౌలి వచ్చి ఇచ్చిపోతాను. డబ్బా హాస్టల్‌లోనే ఉంచు, ల్యాబ్‌కి తీసుకెళ్లావో చూడు.

మీ మామ
తార్నాక